అయస్కాంతానికి బొట్టు

ఇప్పటి పిల్లలు అదృష్టవంతులు. మీట నొక్కితే కంప్యూటర్ తెర మీద గీత వచ్చేస్తుంది, ఆ గీతకు అర్థమేమిటో కూడా పక్కనే వచ్చేస్తుంది, వాళ్ళు కాఫీ తాగి వచ్చేసరికి పని అయిపోతుంది. మేము నేర్చుకునే కాలంలో గీత కోసం కాచుకొని కూర్చోవలసి వచ్చేది. గళ్ళ కాగితం మీద ఒక సిరా పెన్ను, నెలలు నిండిన ఇల్లాలు నడిచినట్టు నింపాదిగా, ఎడమ నుంచి కుడికి సాగేది. అది ఎప్పుడు పైకి లేస్తుందా, ఎప్పుడు కిందికి దిగుతుందా అని నలుగురం చుట్టూ నిలబడి ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళం. గదిలో అయస్కాంతం సన్నగా కూనిరాగం తీస్తూ ఉండేది. దాన్ని చల్లబరిచే నీళ్ళు గొట్టాల్లో గలగలమంటూ ఉండేవి. కిటికీలోంచి చూస్తే తిరుమల కొండ మీద మబ్బు ఒకటి తీరిగ్గా కూర్చుని ఉండేది. ఆ కాచుకోవడంలో ఎంత సుఖం ఉండేదో ఇప్పుడు నా దగ్గర నేర్చుకునే పిల్లలకు చెబితే, పాపం, పెద్దదాన్నని మర్యాదకు తలాడిస్తారు.

డెబ్భైల చివర్లో సంగతి ఇది. నేను తిరుపతిలో ఫిజిక్స్ ఎమ్మెస్సీ పూర్తి చేసి, ఆ తర్వాత ఏం చేయాలో తెలియక (తెలియక కాదు, ఇంట్లో చెప్పే ధైర్యం లేక) అదే డిపార్టుమెంటును పట్టుకుని వేలాడుతున్నాను. అప్పుడే మా ల్యాబుకు ఒక ఈపీఆర్ యంత్రం వచ్చింది. దాని పూర్తి పేరు ఎలక్ట్రాన్ పారామాగ్నెటిక్ రెజొనెన్స్ స్పెక్ట్రోమీటరు. ఆ పేరు తడబడకుండా పలకడం వచ్చాకే నాకు ఆ గదిలో కుర్చీ దొరికింది. పేరు అంత భయంకరంగా ఉన్నా అది చేసే పని మాత్రం సులువుగానే అర్థమవుతుంది. కొన్ని పదార్థాల్లో జత దొరకని ఎలక్ట్రాన్లు ఒంటరిగా తిరుగుతూ ఉంటాయి. ఆ పదార్థాన్ని చిన్న గాజు గొట్టంలో వేసి, పెద్ద అయస్కాంతం మధ్యనున్న లోహపు పెట్టెలోకి దించి, మైక్రోవేవ్ తరంగాలు పంపిస్తే, ఒకానొక చోట ఆ ఒంటరి ఎలక్ట్రాన్లు తరంగాన్ని గుటుక్కున మింగుతాయి. మింగిన చోట పెన్ను ఎగిరి దిగుతుంది. లోపల ఏ లోహం ఉందో ఆ గీతలను బట్టి చెప్పేయవచ్చు. రాగి అయితే నాలుగు గీతలు, మాంగనీసు అయితే ఆరు. లోహపు పెట్టెకు ఇంగ్లీషులో ఏదో పేరుంది గానీ, మేం దాన్ని గూడు అనేవాళ్ళం.

మా గైడు గారిని అందరం చాటుగా బొంగరం సారు అనేవాళ్ళం. ఎలక్ట్రాన్ తన చుట్టూ తాను తిరుగుతుందని చెప్పడానికి ఆయన జేబులో ఎప్పుడూ ఒక కొయ్య బొంగరం ఉండేది. పాఠం మధ్యలో తీసి బల్ల మీద తిప్పి, అది సోలిపోయేదాకా మాట్లాడకుండా చూస్తూ ఉండేవారు. మేమూ చూసేవాళ్ళం. ఆయన తర్వాత ల్యాబులో పెద్దవాడు మా సీనియరు. పలమనేరు నుంచి వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా పాలకోవా తెచ్చి అందరికీ పంచేవాడు గనక ఆయన పాలకోవా అన్న అయ్యాడు. నాకూ ఒక పేరుండేది, ఆయన పెట్టిందే: "మేలుకో". కళ్ళు తెరిచి ఉండగానే కలలు కనే అలవాటు నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. సారు ఏదో చెబుతూ ఉంటారు, నేను కొండ మీది మబ్బు వెంబడి మామండూరు దాకా వెళ్ళిపోయి ఉంటాను. "ఏయ్, మేలుకో!" అని అన్న బల్ల మీద తట్టేవాడు.

మాది నగరి. మా నాయన నేతగాడు. ఇంట్లో ముందుగదంతా మగ్గాలే. పుట్టినప్పటి నుంచి మగ్గం చప్పుడు మధ్య నిద్రపోయిన దాన్ని గనక, హాస్టల్లో ఆ నిశ్శబ్దానికి మొదట్లో నిద్రే పట్టేది కాదు. అయస్కాంతం రొద విన్నాక ప్రాణం కుదుటపడింది. నాయనకు నేనంటే ప్రాణం, కానీ ఆయనకు అక్క అంటే, అంటే మా మేనత్త అంటే, భయం. మా మేనత్త నాకు ఊళ్ళో ఆడపిల్లల బడిలో టీచరు ఉద్యోగం మాట్లాడి పెట్టింది. బడి మా వీధి చివరే. పొద్దున పోయి సాయంత్రం ఇంటికి రావచ్చు. "ఇంగ సదివింది సాలు. యాడో తిరుపతిలో అయస్కాంతం ముందర కూసోని ఏం సేస్తాది?" అని ఆమె అన్న ప్రతిసారీ నాయన తల ఊపేవాడు. అమ్మ నా పక్షమే గానీ, అమ్మ పక్షాన మాట్లాడేవాళ్ళు ఇంట్లో ఎవరూ లేరు. చివరికి నాయన నాతో "ఆయుధపూజ నాడు వస్తా. పెట్టె సర్దుకోని ఉండు మ్మా" అన్నాడు. ఏడాదిలో మగ్గాలకు సెలవు ఉండేది ఆ రోజే. మగ్గాలకు సెలవైతే తప్ప ఆయనకు సెలవు లేదు.

ఇటు సారు దగ్గర ఇంకొక కథ నడుస్తోంది. ఆ దసరా సెలవుల్లో ఆయన చిన్న శిక్షణ తరగతులు పెట్టారు. చుట్టుపక్కల కాలేజీల నుంచి కుర్ర లెక్చరర్లు వచ్చారు, నాలాంటి కొత్తవాళ్ళం ఇద్దరు ముగ్గురం కూడా చేరాం. గడియారాలన్నీ తీసి గుమ్మం బయట గిన్నెలో వేసి లోపలికి రమ్మనేవారు, అయస్కాంతం దగ్గర గడియారాలు ఆగిపోతాయని. దాంతో లోపల ఎవరికీ టైమెంతో తెలిసేది కాదు. ఆకలి వేస్తే మధ్యాహ్నం, కాళ్ళు లాగితే సాయంత్రం. మొదటి రోజే సారు నన్ను పక్కకు పిలిచి, "పరిశోధనకు ఒక్క చోటు ఖాళీ ఉందమ్మా. ఆఖరి రోజున నీ స్ఫటికం నువ్వే పెట్టి, వచ్చిన ప్రతి గీతకూ కారణం చెప్పగలిగితే ఆ చోటు నీది. చెప్పలేకపోతే అడగొద్దు" అన్నారు. ఒక పక్క పెట్టె సర్దుకోమన్న నాయన, ఇంకో పక్క గీతలకు కారణం చెప్పమన్న సారు. మధ్యలో నేను. నాకు ఉండాలని ఉంది. అంత గట్టిగా నేను దేన్నీ కోరుకున్నట్టు గుర్తు లేదు.

స్ఫటికం సంగతి చెప్పాలి. తెల్లటి జింకు ఉప్పు నీళ్ళలో కరిగించి, అందులో పిసరంత రాగి ఉప్పు కలిపి, హాస్టల్ గది కిటికీలో గాజు బీకరులో పెట్టాను. నీరు మెల్లమెల్లగా ఆవిరైపోతుంటే అడుగున ఒక చిన్న పలుకు పుట్టి, రోజూ కొంచెం కొంచెం పెరిగింది. పొద్దున లేవగానే మొహం కడుక్కోకుండా దాన్నే చూసేదాన్ని. ఎండ పడితే లేత నీలంగా మెరిసేది, నీలం సిరా అంటిన చిటికెన వేలి కొనలాగా. గాలి తగిలితే ఆవిరి ఎక్కువైపోతుందని నా రూమ్మేటును ఫ్యాను కూడా వేయనిచ్చేదాన్ని కాదు. (ఆ అమ్మాయి ఇప్పటికీ కనబడితే ఆ ఉక్కపోత గురించే మాట్లాడుతుంది.) రాగి ఉంది గనక నాలుగు గీతలు రావాలి. నాలుగు గీతలు ఎందుకొచ్చాయో చెప్పడం నాకు కంఠతా వచ్చు. ఇక భయమెందుకు?

నవమి నాడు పొద్దున్నే ల్యాబంతా కడిగి, మామిడాకులు కట్టి, యంత్రానికి పూజ ఏర్పాట్లు చేశాం. పాలకోవా అన్న అయస్కాంతం కాళ్ళ ముందు రెండు నిమ్మకాయలు పెట్టాడు. "అన్నా, ఇది ఎక్కడికీ కదలదు కదా" అంటే, "ఉండనీలే, తొక్కకపోతే పులిహోరకు పనికొస్తాయి" అన్నాడు. అంతలో గుమ్మంలో నాయన కనబడ్డాడు. తెల్లవారుజామునే మగ్గాలకు పూజ చేసుకొని, మొదటి బస్సు పట్టుకొని వచ్చేశాడు. నుదుటి మీద విభూతి ఇంకా చెరగలేదు. చేతిలో సంచీ, సంచీలో బొరుగులు, బెల్లం, ఇంటి పూజ విభూతి పొట్లం. ఆయన్ని చూడగానే నాకు ఇంకా సర్దని పెట్టె గుర్తొచ్చింది. సారు మాత్రం ఎంతో సంతోషంగా ఎదురెళ్ళి, "పెద్దవారు సమయానికి వచ్చారు. పూజ మీ చేతి మీదుగానే జరగాలి" అన్నారు.

నాయన చెప్పులు విడిచి, చేతులు కడుక్కొని, యంత్రం చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. కొత్త మగ్గాన్ని కొనబోయే ముందు చూసే చూపు అది.

"ఏమ్మా, దీంట్లో పని జరిగేది యాడ?" అని నన్ను అడిగాడు.

"ఈ రెండు పెద్ద దిమ్మెలున్నాయే నాయనా, అయస్కాంతం. దీని నడాన ఈ పెట్టె. ఇదిగో, ఈ బొక్కలోకి గాజు గొట్టం దించుతాం. అసలు పనంతా ఆ లోపలే."

"అట్నా. మరి ఈ బీరువాలు, ఈ మీటలు?"

"అవి నడిపేదానికి. పని మాత్రం ఈడే."

"సరే" అన్నాడు నాయన చాలా శ్రద్ధగా. ఆ జవాబు నా నోటితోనే చెప్పి, గుగ్గిళ్ళు మాడుతున్నాయని ఎవరో పిలిస్తే నేను వరండాలోకి పరుగెత్తాను. నేను తిరిగి వచ్చేసరికి పూజ అయిపోయింది. బీరువాలకు, మీటలకు, అయస్కాంతం దిమ్మెలకు చక్కగా గంధం, కుంకుమ బొట్లున్నాయి. అందరం హారతి కళ్ళకద్దుకుని బొరుగులు తిన్నాం. మంచి సమయం చూసి నాయన దగ్గరికి వెళ్ళి "ఎల్లుండి దాకా ఉండనీ నాయనా, ఆఖరి రోజు ఒకటి అయిపోనీ" అన్నాను. ఆయన సంచీ భుజాన వేసుకుని, "ఎట్లా వచ్చినా గదా, కొండకు పోయి సామిని సూసుకోని వస్తా. ఎల్లుండి వచ్చి పిల్సకపోతా. పెట్టె మాత్రం సర్దుకో" అని నడకదారిన కొండెక్కడానికి వెళ్ళిపోయాడు.

మర్నాడు విజయదశమి. ఏ పనైనా ఆ రోజు మొదలుపెడితే మంచిదని సారు యంత్రాన్ని ముందుగా నాకే ఇచ్చారు. స్ఫటికాన్ని గొట్టంలో జాగ్రత్తగా దించి, గొట్టాన్ని గూట్లో దించి, పెన్ను వదిలాను. పక్కన పాలకోవా అన్న తప్ప ఎవరూ లేరు. పెన్ను కదిలింది. ఒక గీత. నేను కనిపెంచిన రాగి! ఇంకొకటి. ఆ తర్వాత ఎవరూ పిలవని గీత ఒకటి, సన్నగా, సూదిలా లేచింది. దాని తర్వాత అలాంటిదే మరొకటి. చివరికి కాగితం నిండా చూస్తే నా నాలుగు గీతలూ ఉన్నాయి, వాటి మధ్యలో దువ్వెన పళ్ళలా సమాన దూరంలో ఇంకో ఆరు ఉన్నాయి.

"మాంగనీసు. నీ ఉప్పులో యాడో కలిసి ఉంటాది" అన్నాడు అన్న ఆవులిస్తూ.

నా ఉప్పు అంత చవకబారుది కాదని నాకు రోషం వచ్చింది. ఇంకో సీసా ఉప్పుతో వేరే బీకరులో పెంచిన రెండో స్ఫటికం ఉంది. పరుగున హాస్టలుకు వెళ్ళి అది తెచ్చి పెట్టాను. మళ్ళీ నాలుగు, మళ్ళీ ఆరు. అన్న ఆవులింత సగంలో ఆగింది. "ఇదేందబ్బా!" అన్నాడు. అంతలో కరెంటు పోయింది. ఆ రోజుల్లో పోయిన కరెంటు తన ఇష్టం వచ్చినప్పుడు వచ్చేది. ఆ వేళ ఇంక రాలేదు.

ఆ మధ్యాహ్నాన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ హాయిగా ఉంటుంది. కాగితాన్ని చుట్టచుట్టి గుండెకు హత్తుకొని, డిపార్టుమెంటు వెనక మెట్ల మీద కూర్చున్నాను. ఎండ తగ్గి, కొండ రంగు మారుతూ ఉంది. రెండు వేరు వేరు ఉప్పుల్లోనూ అవే ఆరు గీతలు వచ్చాయంటే మాంగనీసు కలిసిందనడానికి వీల్లేదు. అంటే అది రాగే! రాగి ఇంతవరకూ ఎవరి దగ్గరా చేయని పని ఏదో నా దగ్గర చేస్తోందన్నమాట. ఇక నా మనసు ఆగలేదు. దానికి ఒక పేరుండాలి కదా? "నగరి ప్రభావం" అని పెట్టాను. పాఠ్యపుస్తకాల్లో ఆ పేరుతో ఒక అధ్యాయం కనబడింది. పరీక్షల్లో "నగరి ప్రభావమును వివరింపుము" అనే ప్రశ్న కనబడింది, దానికి జవాబు రాయలేక గోళ్ళు కొరుక్కుంటున్న కుర్రాళ్ళు కనబడ్డారు. మా ఊరి స్టేషన్లో రైలు ఆగితే మద్రాసుకు పోయేవాళ్ళు కిటికీలోంచి తొంగి చూసి, ఆ ఊరు ఇదేనటే అని చెప్పుకోవడం కనబడింది. మా మేనత్త వీధిలో అందరికీ మైసూరుపాకు పంచుతూ ఉండడం కూడా కనబడింది. దాన్ని బట్టే అది కల అని నేను గ్రహించి ఉండాల్సింది. సారుకు ముందుగా చెప్పకుండా, అందరి ముందూ చెప్పి ఆశ్చర్యపరచాలని నిర్ణయించుకున్నాను. అన్న నోరు కూడా కట్టేశాను.

ఆఖరి రోజు ల్యాబు కిక్కిరిసిపోయింది. కుర్ర లెక్చరర్లు ఒక్కొక్కరూ తమ గీతలు చూపించి కూర్చున్నారు (అవన్నీ పూజకు ముందు తీసుకున్నవి, ఎంచక్కా వచ్చాయి). నా వంతు వచ్చేసరికి వెనక గుమ్మంలో నాయన వచ్చి నిలబడ్డాడు. కొండ మీద గుండు చేయించుకున్నాడు, గుండుకు గంధం పూసుకున్నాడు, చేతిలో లడ్డూ ప్రసాదం ఉంది. నాకు ధైర్యం వచ్చింది. కాగితం విప్పి, గొంతు సవరించుకొని, రాగి గురించి, ఆ నాలుగు గీతల గురించి చెప్పి, ఇక "అయితే" అని ఒక నిమిషం ఆగి (ఆ ఆగడం హాస్టల్లో అద్దం ముందు సాధన చేసి వచ్చాను), ఈ ఆరు గీతలు ఇంతవరకూ ఎవరూ చూడనివని ప్రకటించాను.

సారు జేబులోంచి బొంగరం తీశారు. తిప్పలేదు. చేతిలోనే పెట్టుకొని, "ఖాళీ గొట్టం పెట్టి చూశావా అమ్మా?" అన్నారు.

చూడలేదు. మొదటి రోజు మొదటి పాఠమే అదట: ఏదీ పెట్టకముందు ఖాళీ గూడు ఏమంటుందో వినాలి. ఆ పాఠం జరిగేటప్పుడు నేను ఆ గదిలోనే ఉన్నాను. మబ్బు ఒకటి అప్పుడే కొండ దిగుతూ ఉండింది, నేను దాని వెంట వెళ్ళాను.

ఖాళీ గొట్టం దించాం. పెన్ను మెల్లగా కదిలింది. నా రాగి గీతలు రాలేదు. ఆరు గీతలు మాత్రం వరసగా, ఒక్కటి కూడా తగ్గకుండా, ఎంతో అందంగా వచ్చాయి. గొట్టం కూడా తీసేయమన్నారు సారు. మళ్ళీ ఆరూ వచ్చాయి. ఎవరో కిసుక్కున నవ్వారు. నగరి ప్రభావం నా కళ్ళ ముందే కూలిపోయింది. దాంతో పాటు నా చోటు కూడా పోయినట్టేనని నాకు అర్థమైంది. సారు అయస్కాంతం కట్టేయించి, టార్చిలైటు తెప్పించి, గూడు మూత విప్పి లోపలికి వంగి చూశారు. చాలాసేపు చూశారు. తర్వాత తలెత్తి, "లోపల విభూతి ఉంది. కుంకుమ కూడా ఉంది" అన్నారు నెమ్మదిగా. "ఎవరు పెట్టారు?"

వెనక నుంచి మా నాయన గొంతు ఖంగున మోగింది.

"నేనే సారూ!"

అందరూ వెనక్కి తిరిగారు. నాయన మొహం వెలిగిపోతోంది. తాను చేసిన పని ఇంతమంది ముందర బయటికి వచ్చిందని ఆయనకు గొప్ప సంతోషం.

"లోపల ఎందుకు పెట్టారండీ?"

"పని సేసే సోట గదా సారూ బొట్టు పెట్టాల్సింది! మగ్గానికి పైపైన పెడితే సాల్తాదా? పోగును ఇటు నుంచి అటుకు తీసకపోయే నాడె ఉంటాది సూడండి, దానికి పెట్టాల. ఈ మిషనులో పని యాడ జరగతాదని మా బిడ్డని అడిగినా. ఆ బొక్కలో అని సెప్పింది. సిటికెన వేలు పట్టింది. బాగా లోపలికి పెట్టినా."

ముందు పాలకోవా అన్న మొదలుపెట్టాడు, ఇక గదంతా నవ్వే. సారు మాత్రం నవ్వలేదు. నాయన దగ్గరికి వెళ్ళి "ఆ పొట్లం ఇంకా ఉందా?" అని అడిగి, చిటికెడు విభూతి గొట్టంలో వేయించి, గూటి లోపల పైపైన దూదితో తుడిపించి, ఆ గొట్టాన్ని దించారు. ఆరు గీతలు కాగితం పట్టనంత ఎత్తున లేచాయి. "ఆవు గడ్డి తింటుంది. గడ్డిలో మాంగనీసు ఉంటుంది. పిడక కాల్చినా అది ఎక్కడికి పోతుంది?" అని తనలో తాను అనుకున్నట్టు అని, నా వైపు తిరిగారు. "సరేనమ్మా. నువ్వు చెప్పాల్సింది ఇంకా మిగిలే ఉంది. ఏ గీత ఎవరిది?"

కాగితం మీద గీతలు నీళ్ళలో ఉన్నట్టు కనబడుతున్నాయి. అయినా వేలు పెట్టి ఒక్కొక్కటే చూపించాను.

"ఈ నాలుగు నావి సార్. ఆ ఆరు మా నాయనవి."

ఇప్పుడు నవ్వారు సారు. బొంగరాన్ని బల్ల మీద పెట్టి గిర్రున తిప్పి, "ప్రతి గీతకూ యజమాని దొరికాడు. నేనడిగింది అంతే కదా. సోమవారం నుంచి వచ్చెయ్" అన్నారు.

నేను వరండాలోకి వెళ్ళి స్తంభం చాటున నిలబడి ఏడ్చాను. సీటు వచ్చిన సంతోషం ఒకటి, నాయన తీసుకెళ్ళిపోతాడనే దుఃఖం ఇంకొకటి, నగరి ప్రభావం పోయిన బాధ కూడా కొంత ఉందనుకోండి. నాయన వెనకే వచ్చాడు. ఆయన మొహంలో ఇందాకటి వెలుగు లేదు.

"బాగా సెడిందా మ్మా మిషను?"

నాకు ఏడుపు ఇంకా ఎక్కువైంది. ఆయన దాన్ని అవుననే అనుకున్నాడు.

"ఎంత మిషను! అంతదూరం నుంచి తెప్పించినారంట. దాని కడుపులో బూడిద పోస్తిని గదా. బాగు సెయ్యాలంటే ఎన్నాళ్ళు పడతాది?"

సాయంత్రానికి అయిపోతుందని చెప్పబోయాను. సరిగ్గా అప్పుడే పాలకోవా అన్న దూది, స్పిరిటు సీసా పట్టుకొని అటుగా వచ్చాడు. నా ఏడుపు చూశాడు, నాయన గుండు చూశాడు, ఏమనుకున్నాడో ఏమో, ఎంతో గంభీరంగా తల ఆడించాడు.

"సెప్పలేం పెద్దాయనా. సున్నితమైన మిషను. ఆ బూడిద పోయేదాకా ఎవురో ఒకరు దగ్గరుండి సూసుకుంటా ఉండాల."

నాయన గుండు తడుముకున్నాడు. తర్వాత నా పెట్టె ఎక్కడుందని అడిగాడు. హాస్టలు గేటు దగ్గర సర్ది పెట్టి ఉందని చెప్పాను. "దాన్ని లోపల పెట్టుకోపో" అన్నాడు. "మనోళ్ళ సేత్తో సెడింది. మనమే బాగు సెయ్యాల. సగం నేసిన సీర మగ్గం మీద ఇడిసి ఎవురన్నా పోతారా? అది బాగయినంకనే వద్దువు. మీ అత్తకు నేను సెప్పుకుంటాలే." ప్రసాదం నా చేతిలో పెట్టి, అన్న చేతిలో కూడా పెట్టి, సారును ఒకసారి చూసి వస్తానని లోపలికి వెళ్ళాడు. ఆ సాయంత్రం బస్సుకు ఒక్కడే వెళ్ళిపోయాడు.

గూడు ఆ పూటే శుభ్రమైపోయింది. నగరిలో మాత్రం అది ఏళ్ళ తరబడి శుభ్రం కాలేదు. నేను ఊరికి వెళ్ళినప్పుడల్లా, మేనత్త వినేటట్టు, నాయన మగ్గం మీది నుంచే గట్టిగా అడిగేవాడు. "ఏమ్మా, మిషను బాగయిందా?" నేను చెప్పులు విడుస్తూ "ఇంకా కొంచెం ఉంది నాయనా" అనేదాన్ని. "ఏం బూడిదరా అది, ఇన్నేండ్లయినా పోకుండా!" అని మేనత్త బుగ్గలు నొక్కుకునేది. "పూజ సేసింది నేను గదక్కా, అంత బిరీన పోతాదా" అని నాయన మళ్ళీ నాడె విసిరేవాడు. బడిలో టీచరు ఉద్యోగంలో ఈలోగా ఇంకెవరో చేరిపోయారు. ఆయన్ని అలా నమ్మిస్తున్నందుకు నాకు లోలోపల కష్టంగానే ఉండేది. కానీ అయస్కాంతం రొద చెవిలో పడగానే ఆ కష్టం మరిచిపోయేదాన్ని.

నాకు డాక్టరేటు వచ్చిన రోజున నాయన కొత్త పంచె కట్టుకొని తిరుపతికి వచ్చాడు. సంతోషంలో మనసాగక సారు దగ్గర ఈ సంగతి చెప్పేశాను. ఇన్నేళ్ళూ మా నాయనను ఎలా మభ్యపెట్టుకుంటూ వచ్చానో అంతా చెప్పాను. సారు బొంగరం తిప్పుతున్నవారు కాస్తా ఆపి, "మభ్యపెట్టావా? ఆ రోజే ఆయన నా దగ్గరికి వచ్చి అడిగాడు కదమ్మా. సాయంత్రానికి బాగైపోతుంది, దిగులుపడకండి అని నేనే చెప్పాను. 'ఆ మాట మా బిడ్డకు నాకు తెల్సినట్టు సెప్పొద్దు సారూ' అని నా చేతులు పట్టుకున్నాడు" అన్నారు.

బయటికి వచ్చాను. నాయన వరండాలో బెంచీ మీద కూర్చొని కొండ వైపు చూస్తున్నాడు. జుట్టు ఎప్పుడో పెరిగి, నెరిసి కూడా పోయింది. పక్కన కూర్చున్నాను. కాసేపటికి, "నాయనా, మిషను బాగయింది" అన్నాను.

ఆయన నా వైపు తిరగలేదు. కొండ మీద మబ్బు దిగుతున్నంతసేపూ అలాగే చూస్తూ ఉండి, "అప్పుడేనా మ్మా?" అన్నాడు.

ఆ మాటకు ఆ రోజు నాకు జవాబు తోచలేదు. డాక్టరేటు పుచ్చుకున్న మనిషిని, ఊరికే నవ్వేసి ఊరుకున్నాను. నాయన పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడైతే తోస్తుంది: లేదు నాయనా, ఇంకా కొంచెం ఉంది అని చెప్పి ఉండాల్సింది.